డెస్క్‌టాప్‌కి వైఫై ఎలాగండీ? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ప్రశ్నలు చూస్తే చాలావాటిది ఒకటే గోల. ఇంటికి ఫైబర్ నెట్ వచ్చింది, ఫోన్లకి బానే వస్తోంది, మూలనున్న డెస్క్‌టాప్‌కి మాత్రం రాదు, వచ్చినా నత్తనడక. అందుకని మిగతావి వచ్చే నెలకి ఉంచి ఈ పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: అయ్యా, మాది విజయనగరం, కోట దగ్గర పాత పెంకుటిల్లు, గోడలు మూరెడు మందం ఉంటాయి. నెట్ బాక్సు వీధి గదిలో గుమ్మం పక్కన బిగించి వెళ్ళిపోయారు. మనవరాలు చదువుకునే డెస్క్‌టాప్ వెనక గదిలో ఉంది, మధ్యలో ఇంకో రెండు గదులు. సీపీయూలో వైఫై లేదట. ఒక షాపాయన డాంగిల్ కొనమన్నాడు, ఇంకొకాయన కార్డు వెయ్యమన్నాడు, మూడో ఆయన అసలీ కంప్యూటరే తీసి పారెయ్యమన్నాడు. ఏటి చెయ్యాలో తోచడం లేదు. (రిటైర్డ్ టీచరు, విజయనగరం)

జవాబు: మాస్టారూ, ముందు ఆ మూడో ఆయన మాట పక్కన పెట్టెయ్యండి. చాలా డెస్క్‌టాప్‌లు వైఫై లేకుండానే వస్తాయి, వెనకాల లాన్ వైరు (నెట్ బాక్సు నుంచి నేరుగా నెట్ తెచ్చే తీగ) గుచ్చే సాకెట్ ఒకటి ఉంటుంది అంతే, దానికోసం కంప్యూటర్ మార్చక్కర్లేదు. డాంగిలూ (యూఎస్‌బీ సాకెట్లో గుచ్చే చిన్న వైఫై పరికరం), కార్డూ (సీపీయూ లోపల బిగించేది) కూడా అప్పుడే కొనకండి, ఎందుకంటే సిగ్నల్ ఆ గది దాకా వస్తోందో లేదో చూడకుండా ఏది కొన్నా డబ్బు దండగ.

చూడ్డానికి పైసా ఖర్చు లేదు. ఇంట్లో ఏ ఆండ్రాయిడ్ ఫోనైనా సరే, దాన్ని ఇంటి వైఫైకి కలిపి, మొబైల్ డేటా ఆపేసి, కేబుల్‌తో సీపీయూకి గుచ్చండి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ అనే చోటికెళ్ళి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. కేబుల్ ఉత్త ఛార్జింగ్ రకం అయితే ఆ ఆప్షన్ వెలగదు, ఫోన్‌తో పాటు వచ్చిన కేబుల్ వాడండి. కాసేపట్లో డెస్క్‌టాప్‌కి నెట్ వచ్చేస్తుంది, అంటే మీ ఫోనే వైఫై డాంగిల్ పని చేస్తోందన్నమాట. ఫోన్‌ని సీపీయూ పక్కనే ఉంచి పాప క్లాసు వీడియో ఒకటి పెట్టి చూడండి. ఆగకుండా ఆడిందంటే మంచి డాంగిల్ పెట్టుకున్నా ఆడుతుంది. సుడి తిరుగుతూ కూర్చుందంటే తప్పు డెస్క్‌టాప్‌ది కాదు, రౌటర్, అంటే మీ నెట్ బాక్సు, పెట్టిన చోటుది.

మీ ఇంటి గోడల సంగతి చూస్తే రెండోదే జరుగుతుందని నా అనుమానం. ఇప్పటి రౌటర్లలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై ఉంటుంది, చాలా ఇళ్ళలో రెండు పేర్లతో కనిపిస్తుంది కూడా. 5 అనేది స్పీడు ఎక్కువ గానీ మందపాటి గోడ దాటేసరికి నీరసించిపోతుంది, 2.4 కాస్త నెమ్మది అయినా గోడల్లోంచి ఎక్కువ దూరం పోతుంది. అందుకే ఫోన్‌తో చూసేటప్పుడు రెండు పేర్లతోనూ విడివిడిగా చూడండి. మధ్య గదిలో ఇనప బీరువా ఉంటే అది ఎటువైపు ఉందో కూడా గమనించండి, వైఫైకి గోడ కంటే ఇనుము పెద్ద అడ్డు, బీరువా వెనకాల సిగ్నల్ చచ్చిపోతుంది. పైగా రౌటర్ గుమ్మం పక్కనుంది కదా, అది నాలుగువైపులా సిగ్నల్ పంపుతుంది, అంటే సగం వీధిలోకి పోతోంది, ఎవరికీ పనికిరాకుండా.

నన్నడిగితే మీ ఇంటికి వైరే మేలు. డెస్క్‌టాప్ అక్కడి నుంచి కదిలేది కాదు, కదలనిదానికి గాల్లో నెట్ ఎందుకండీ, ఒక్కసారి లాన్ వైరు లాగేస్తే మళ్ళీ ఆ గొడవే ఉండదు. గోడలకి కన్నాలు పొడవాలేమో అని భయపడకండి, పెంకుటింట్లో ఉన్న సుఖమే అది, గోడ పైన వాసాల మధ్య చాలా చోట్ల సందు ఉంటుంది, వీధి గది నుంచి దూలాల పక్కగా వెనక గది దాకా తీసుకెళ్ళొచ్చు. ఎలకలు కొరుకుతాయి కాబట్టి సన్నటి పీవీసీ పైపులోంచి లాగించండి, కరెంటు వైర్లని ఆనుకుని మాత్రం వద్దు, ఒక జానెడైనా ఎడంగా పోవాలి. ఎక్కడైనా బయట నుంచి గోడలోకి రావాల్సి వస్తే కన్నానికి ముందు వైరుని కొంచెం కిందికి వేలాడేలా వంపు తిప్పి పైకి తియ్యమనండి, వానొస్తే నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, ఇంట్లోకి రావు.

వైరు కొనేటప్పుడు క్యాట్ 6 అడగండి, క్యాట్ 5ఈ అయినా పర్లేదు, రెండూ 100 మీటర్ల దాకా గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, స్పీడు మోస్తాయి. అసలు చూడాల్సింది లోపలి తీగ. చవగ్గా వచ్చేవి అల్యూమినియం మీద రాగి పూత పూసినవి, సీసీఏ అని డబ్బా మీద ఉంటుంది, అది వద్దు, పూర్తి రాగిదే అడిగి తీసుకోండి. చివర్లు బిగించే కుర్రాడు రెండు వైపులా ఒకే వరస పెట్టాలి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. పక్కనే నిలబడి చూసుకోండి, ఎందుకంటే ఎనిమిదిట్లో ఒకట్రెండు తీగలు సరిగ్గా అందకపోయినా ఒక్కోసారి నెట్ వచ్చేస్తుంది గానీ గిగాబిట్ రావాల్సింది 100 దగ్గరే ఆగిపోతుంది, కుర్రాడు వెళ్ళిపోయాక మీకు కారణమే అంతుపట్టదు.

వైరు వద్దనుకుంటే కనీసం నెట్ బాక్సునైనా మధ్య గదిలోకి జరిపించండి, మనిషి ఎత్తులో గోడకి. ఫైబర్ తీగని మీరు లాగకండి, లోపల గాజు, మరీ మడత పడితే లైను పోతుంది, కనెక్షన్ ఇచ్చిన వాళ్ళ మనిషి చేతే జరిపించండి.

ప్రశ్న: సార్, మాది కాశీబుగ్గ. ఇంటికి 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది. డెస్క్‌టాప్‌కి 150 అని రాసున్న చిన్న డాంగిల్ కొన్నాను, గోరంత ఉంటాది. స్పీడ్ టెస్ట్ పెడితే 10, 12 దాటట్లేదు. అదే టేబుల్ మీద ఫోన్ పెడితే 90 చూపిస్తంది. డాంగిల్ సీపీయూ వెనకాల నీలం సాకెట్లో ఉంది, పక్క సాకెట్లో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఎప్పుడూ ఉంటాది. డాంగిల్ పోయిందా? (డిగ్రీ విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, డాంగిల్ పోలేదు, అది కూర్చున్న చోటు బాలేదు. నువ్వు హార్డ్ డిస్క్ సంగతి రాయడం మంచిదైంది, సగం జవాబు అందులోనే ఉంది. నీలం సాకెట్ అంటే మామూలుగా యూఎస్‌బీ 3, దాని మీద హార్డ్ డిస్క్ లాంటివి పనిచేస్తుంటే చుట్టూ రేడియో రొద పుడుతుంది, ఆ రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. ఇది ఇంటెల్ వాళ్ళే 2012లో కొలిచి రాసిన విషయం. నీ డాంగిల్ వినాల్సింది ఆ 2.4లోనే, చెవి దగ్గర అంత చప్పుడవుతుంటే దూరం నుంచొచ్చే రౌటర్ సిగ్నల్ దానికేం వినిపిస్తుంది. దానికి తోడు వెనకాల సీపీయూ ఇనప డబ్బా, ముందు గోడ.

నమ్మకం కుదరకపోతే హార్డ్ డిస్క్ పీకేసి మళ్ళీ స్పీడ్ టెస్ట్ పెట్టు, తేడా నీకే తెలుస్తుంది. తర్వాత ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొను, చాలా తక్కువలో వస్తుంది, దాన్ని నల్ల సాకెట్లో, అంటే యూఎస్‌బీ 2లో గుచ్చి డాంగిల్‌ని టేబుల్ మీదకి, మానిటర్ పక్కకి తెచ్చి పెట్టు, రౌటర్ గది వైపు ఏ అడ్డూ లేకుండా. యూఎస్‌బీ 2 అయితే స్పీడు తగ్గుతుందేమో అనుకోకు, దాని హద్దు 480, నీ ప్లానేమో 100.

అయినా 90 రాదు, అది ముందే చెప్తున్నా. 150 అని రాసిన డాంగిల్ 2.4 మీద ఒక్క దారిలో మాత్రమే పనిచేసేది, ఆ 150 కూడా ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ దొరికితేనే, చుట్టూ పదిళ్ళ వైఫైలు ఉన్నచోట రౌటర్ 20కే తగ్గిపోతుంది, అప్పుడు లెక్కలో 72, చేతికొచ్చేది అందులో ఇంచుమించు సగం. ఆన్‌లైన్ క్లాసులకీ సినిమాలకీ అది చాలు. నీ ఫోన్‌కి 90 ఎందుకొస్తోందంటే అది 5 మీద కలుస్తోంది. డెస్క్‌టాప్‌కీ అదే కావాలంటే డ్యూయల్ బ్యాండ్ డాంగిల్, అంటే 2.4, 5 రెండూ పట్టేది, కొను, పెట్టె మీద ఏసీ (AC, అంటే వైఫై 5) అనో వైఫై 6 అనో ఉండాలి, బయటికి యాంటెనా ఉన్నదైతే ఇంకా మంచిది, గోరంత సైజువి చూడ్డానికి ముద్దొస్తాయి గానీ లోపల యాంటెనాకి చోటే ఉండదు. సీపీయూ విప్పడం వచ్చిన స్నేహితుడుంటే లోపల వేసే పీసీఐఈ కార్డు ఇంకా నిలకడగా ఉంటుంది, కానీ యాంటెనాలు కార్డుకే తగిలించేవి కాకుండా వైరుతో టేబుల్ మీదకి వచ్చేవి తీసుకో, లేకపోతే మళ్ళీ ఆ ఇనప డబ్బా వెనకాలే ఉండిపోతాయి.

ఇంకో రెండు మాటలు. కొత్త డాంగిల్‌కి డ్రైవర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, కావాలంటుంది, డ్రైవర్ దింపాలంటే నెట్ కావాలి, ఇక్కడే చాలామంది ఆగిపోతారు, పైన మాస్టారికి చెప్పిన యూఎస్‌బీ టెథరింగ్‌తో ఆ పని అయిపోతుంది. రెండోది, కాసేపు వాడకపోతే నెట్ పోయి మళ్ళీ వస్తోందంటే డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం దీన్ని ఆపొచ్చు అని ఉన్న టిక్కు తీసెయ్యి.

ప్రశ్న: నమస్తే అండీ, మాది రాజాం. కింద మేము, మేడ మీద గదిలో మా వారి ఆఫీసు డెస్క్‌టాప్. పైకి సిగ్నల్ ఒక్క గీతే వస్తోంది. ఫైబర్ రాకముందు వాడిన పాత రౌటర్ అటక మీద ఉంది. దాన్ని పైన పెట్టుకోవచ్చా? తెలిసినాయన వచ్చి పెట్టాడు గానీ అది పెట్టగానే కింద కూడా నెట్ పోయింది. (గృహిణి)

జవాబు: పెట్టుకోవచ్చమ్మా, చక్కగా పనికొస్తుంది. కింద కూడా ఎందుకు పోయిందంటే, ఇంట్లో ప్రతి ఫోనుకీ కంప్యూటరుకీ ఒక ఐపీ నంబరు పంచిపెట్టేది రౌటరే, ఆ పని డీహెచ్‌సీపీ అంటారు. ఇప్పుడు ఇద్దరు పంచడం మొదలెట్టారు, పాత రౌటర్ ఇచ్చిన నంబరు పుచ్చుకున్న ఫోన్లు నెట్ ఎటుందో తెలీక నిలబడిపోయాయి. బహుశా రెండిటి సొంత నంబరూ 192.168.1.1 అయ్యుంటుంది, అదొక తగువు.

ఇలా చెయ్యమనండి. పాత రౌటర్‌ని ఇంకా దేనికీ కలపకుండా కరెంటు ఇచ్చి, వెనకాల రీసెట్ కన్నంలో పిన్నుతో ఒక పది సెకన్లు నొక్కి ఉంచితే పాత సెట్టింగులన్నీ పోతాయి. డెస్క్‌టాప్ నుంచి ఒక లాన్ వైరు దాని లాన్ పోర్టుకి గుచ్చి, బ్రౌజర్‌లో రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రసు కొట్టాలి. లోపల ఆపరేషన్ మోడ్ అని ఉండి అందులో యాక్సెస్ పాయింట్ అనేది కనిపిస్తే అది ఎంచుకోండి, సగం పని అదే చూసుకుంటుంది. అలాంటిదేమీ లేకపోతే చేత్తో చెయ్యాలి, ఇక్కడ వరస ముఖ్యం: ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి, తర్వాత లాన్ ఐపీ దగ్గర, కింది రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి, అది సేవ్ అయ్యాక కొత్త అడ్రసుతో మళ్ళీ లోపలికెళ్ళి, అన్నిటికంటే ఆఖర్న డీహెచ్‌సీపీ ఆపండి. అది ముందే ఆపేస్తే డెస్క్‌టాప్‌కి నంబరిచ్చే నాథుడుండడు, మళ్ళీ రౌటర్ లోపలికి వెళ్ళడం కష్టమైపోతుంది. కింది రౌటర్ నంబరెంతో తెలీకపోతే, కింది నెట్‌కి కలిసున్న కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి, డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్నదే అది.

ఇప్పుడు కింది రౌటర్ లాన్ పోర్టు నుంచి మేడ మీదకి వైరు తెచ్చి పాతదాని లాన్ పోర్టులో గుచ్చండి. రంగు వేరేగా, పక్కన విడిగా ఉండే వాన్ పోర్టులో కాదు, అది ఖాళీగా వదిలెయ్యండి (యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్నవాటిలో ఏ పోర్టైనా ఒప్పుకుంటాయి చాలావరకు). కింద ఛానెల్ 1 పెడితే పైన 6 గానీ 11 గానీ పెట్టండి, 2.4లో ఒకదానిమీద ఒకటి పడనివి ఆ మూడే.

ఇందులో నాకు బాగా నచ్చేది ఏంటంటే, మీ వారి డెస్క్‌టాప్‌కి ఇక వైఫైతో పనే లేదు, ఆ పాత రౌటర్‌లో మిగిలిన లాన్ పోర్టుకి చిన్న వైరుతో కలిపెయ్యండి, డాంగిల్ ఖర్చు మిగిలింది, ఆఫీసు మీటింగులో మాట తెగడం ఉండదు. పాత రౌటర్ల పోర్టులు చాలావరకు 100 స్పీడువే, మీ ప్లాన్ అంతకి మించితే పైన ఆ 100 లోపే వస్తుంది, ఆఫీసు పనికి అది ఎక్కువే.

మేడ మీదకి వైరు తేవడం కుదరకపోతే రిపీటర్ మోడ్ (కింది వైఫైని పట్టి మళ్ళీ పంపేది) పెట్టొచ్చు గానీ ఒకటే బ్యాండున్న పాత రౌటర్ వినడం, చెప్పడం రెండూ ఒకే రేడియోతో చెయ్యాలి, స్పీడు సగానికి పడిపోతుంది. వైరుకే ప్రయత్నించండి.

ప్రశ్న: శ్రీకాకుళంలో మా ఇంటి మీద రెండు వాటాలు అద్దెకిచ్చాం. అద్దెకున్న పిల్లలు వైఫై పాస్‌వర్డ్ అడుగుతున్నారు, కాదనలేక ఇచ్చాం. మా డెస్క్‌టాప్‌లో బ్యాంకు పనులు చేస్తాం. ఫర్వాలేదా? (ఇంటి యజమాని)

జవాబు: ఇవ్వడం తప్పు కాదండీ, కానీ ఇచ్చే పద్ధతి ఉంది. మీ రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉందేమో చూడండి, దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి వాళ్ళకి అదివ్వండి, అందులో ఉన్నవాళ్ళకి నెట్ వస్తుంది గానీ మీ డెస్క్‌టాప్, ప్రింటర్ కనపడవు. ఇప్పటిదాకా ఇచ్చిన పాస్‌వర్డ్ ఇవాళే మార్చెయ్యండి, ఫోన్ నంబరు, ఇంటి పేరు లాంటివి కాకుండా. కనెక్షన్ మీ పేరు మీద ఉంది కాబట్టి ఆ నెట్‌లో ఎవరేం చేసినా ముందు అడిగేది మిమ్మల్నే, అంచేత ఎవరికిచ్చారో గుర్తుండాలి.

దీనికంటే ముఖ్యమైంది చాలామంది పట్టించుకోరు: రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళే పాస్‌వర్డ్. చాలా ఇళ్ళలో అది అడ్మిన్, అడ్మిన్ అనే ఉండిపోతుంది, వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ఏ కుర్రాడైనా లోపలికెళ్ళి ఏదైనా మార్చెయ్యగలడు. అది మార్చండి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే పద్ధతి) ఆపెయ్యండి. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 ఉండాలి, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉంటే రెండూ కలిపి ఉన్న ఆప్షన్ పెట్టండి, ఉత్త 3 పెడితే పాత డాంగిళ్ళు కలవవు. ఎవరైనా పాత కంప్యూటర్ కోసమని డబ్ల్యూఈపీ అనే పాతకాలం సెక్యూరిటీ పెడదామంటే ఒప్పుకోకండి, దాన్ని 2001లోనే పగలగొట్టేశారు, పైగా అది పెడితే స్పీడు కూడా 54కి పడిపోతుంది. డెస్క్‌టాప్‌లో ఇంకా విండోస్ 10 ఉంటే, దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, బ్యాంకు పనులు చేసే మెషీన్ కాబట్టి 11కి మారే వీలుందేమో కనుక్కోండి.

ప్రశ్న: బొబ్బిలి నుంచి. డెస్క్‌టాప్‌లో పెళ్ళి ఫోటోలు వేల కొద్దీ ఉన్నాయి. నెట్ డేటా అవ్వకుండా ఇంట్లో ఫోన్లలో చూసుకోవచ్చా?

జవాబు: చూసుకోవచ్చు, ఫోనూ డెస్క్‌టాపూ ఒకే రౌటర్‌కి ఉంటే ఫోటోలు ఇంట్లోనే తిరుగుతాయి, బయటి నెట్ ఒక్క ఎంబీ కూడా ఖర్చవదు. విండోస్‌లో నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చండి, ఫోటోల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో షేరింగ్ ఇవ్వండి, చూడ్డానికి మాత్రమే, మార్చడానికి వద్దు. ఫోన్‌లో ఎస్‌ఎంబీ (విండోస్‌లో షేర్ చేసిన ఫోల్డర్లు తెరిచే పద్ధతి) ఉన్న ఫైల్ మేనేజర్ వేసి డెస్క్‌టాప్ ఐపీ నంబరు, విండోస్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే తెరుచుకుంటుంది. ఆ నంబరు అప్పుడప్పుడూ మారిపోతుంది కాబట్టి రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ (డెస్క్‌టాప్‌కి ఎప్పుడూ ఒకే నంబరిచ్చేది) పెట్టుకోండి. ఇవన్నీ చేసినా కనపడకపోతే ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి, దాదాపు ఎప్పుడూ అదే ఉంటుంది.

ప్రశ్న: మాది సోంపేట. తిత్లీ తుఫాను తర్వాత కరెంటంటేనే భయం మాకు. కరెంటు పోగానే వైఫై పోతోంది, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉన్నా లాభం లేదు. ఉరుములొచ్చినప్పుడు ఏం పీకాలి?

జవాబు: 2018 అక్టోబరులో ఉద్దానం ఎన్ని రోజులు చీకట్లో ఉందో తెలిసినవాళ్ళెవరూ ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోరు. అంత పెద్ద తుఫానుకి ఇంట్లో పెట్టుకునే ఏ బ్యాటరీ చాలదు, స్తంభాలే పడిపోతే ఫైబర్ కూడా తెగుతుంది. మామూలు కోతలకి మాత్రం రౌటర్ కోసం మినీ యూపీఎస్ అని దొరుకుతుంది, తీసుకోండి. మీ రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియరో 2 ఆంపియర్లో రాసుంటుంది, యూపీఎస్ వోల్టేజి సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకి తగ్గకూడదు. రౌటర్ 10 వాట్లు తీసుకుంటుందనుకుంటే 30 వాట్ అవర్ బ్యాటరీ రెండున్నర, మూడు గంటలు నడుపుతుంది. ఫైబర్ బాక్సు, రౌటర్ విడివిడిగా ఉంటే రెండిటికీ కరెంటు అందాలి, ఒకదానికే పెడితే నెట్ రాదు.

ఉరుములు దూరంగా ఉండగానే పీకెయ్యండి, నెత్తి మీదకొచ్చాక ఆ వైర్లు ముట్టుకోకండి. రౌటర్ అడాప్టర్, సీపీయూ, మానిటర్ ప్లగ్గులు బోర్డు నుంచి తియ్యాలి, స్విచ్ ఆపితే చాలదు. మేడ మీద నుంచో దొడ్డిలోంచో వచ్చే లాన్ వైరుంటే అది రెండు వైపులా తియ్యండి, రాగి తీగ కదా, రౌటర్‌నీ డెస్క్‌టాప్ లాన్ పోర్టునీ కలిపి కాల్చేస్తుంది. ఫైబర్‌లో గాజు ఉంటుంది కాబట్టి దాంట్లోంచి కరెంటు రాదు, ఆ తీగని కదపక్కర్లేదు, కానీ కొన్నిటికి ఆసరాగా పక్కనే ఇనప తీగ ఉంటుంది, దాన్ని బయట గోడకే కట్టి ఆపేశారో, బాక్సు దాకా తెచ్చారో ఎండ కాసిన రోజు ఒకసారి చూసుకోండి, లోపలికి తెచ్చుంటే లైన్‌మేన్‌కి చెప్పి బయటే కత్తిరించి కట్టించండి.